ఫార్మసీ సీటు: కాలేజీని మనమే ఇంటర్వ్యూ చేయాల

ఈ రోజు శెనక్కాయల గురించి కాదు, బిడ్డల చదువు గురించి రాస్తా ఉండా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా పాప ఇంటర్ బైపీసీ పాసయింది. ఎంసెట్, అదే ఇప్పుడు ఈఏపీసెట్ అంటా ఉండారు కదా, అది రాసింది. ర్యాంకు వచ్చినప్పటి నుంచి నా ఫోను మోగడం ఆగలేదు. నా నంబరు వాళ్లకు ఎవరిచ్చినారో ఆ ఏడుకొండలవాడికే తెలియాల. ఒకాయన అయితే రేణిగుంట స్టేషన్ దగ్గర నన్ను పట్టుకుని, "పాపకు ఇంటర్వ్యూ ఉంది సార్, రేపే రండి" అన్నాడు.

పోయినాం. పాపను అడిగింది రెండే ప్రశ్నలు. నన్ను మాత్రం ఎన్నెకరాలు, బోరులో నీళ్లున్నాయా, సొంతిల్లేనా, ఈ రోజు ఎంత కట్టగలరు అని వరసబెట్టి అడిగినారు. ఇంటర్వ్యూ ఎవరికో అప్పుడర్థమైంది. లేచేటప్పుడు పాప ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చిపొమ్మన్నారు. ఇయ్యలేదు. బేరం కుదరకముందే ఆవు పగ్గం ఎవరైనా చేతిలో పెడతారా?

బీఫార్మసీలో కన్వీనర్ సీటుకు ఇంటర్వ్యూ అనేదే లేదు. ర్యాంకు, కేటగిరీ, వెబ్ ఆప్షన్లు, అంతే. ఆప్షన్లు కంప్యూటరు పైనుంచి కిందికి చూస్తుంది. కాబట్టి బాగా కావాల్సిన కాలేజీని పైన పెట్టండి. రాదేమోనని భయపడి చిన్న కాలేజీని పైన పెడితే అదే మెడకు చుట్టుకుంటుంది. మేనేజ్‌మెంట్ సీటుకైతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశ పెట్టుకోవద్దు.

చివరికి మా ముందు రెండు మిగిలినాయి. గంటన్నర బస్సు దూరంలో పాత కాలేజీలో కన్వీనర్ సీటు. ఇంటి ముందరికే బస్సు వచ్చే కొత్త కాలేజీలో మేనేజ్‌మెంట్ ఫార్మ్‌డీ. మా ఇంటామె ఆడబిడ్డ కదా, బస్సు వచ్చేదే మేలంది. ఆ మాటను నేను తీసిపారేయను. చీకటి పడినాక బస్టాండులో నిలబడే బిడ్డ గురించి తల్లికి ఉండే భయం ఉత్తది కాదు.

అయినా నేను అడిగినా. ఫార్మ్‌డీ ఆరేండ్లు, అందులో చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూలు. మీ పిల్లోల్లు ఏ ఆసుపత్రిలో నేర్చుకుంటారంటే, ఆ కాలేజీ ఆయన ఏసీ క్లాసురూములు చూపించినాడు. నాకు జవాబు దొరికిపోయింది.

మీరూ అడగండి. ఈ ఏడాదికి కౌన్సిల్ అనుమతి ఉందా? అది లేని చోట చదివితే ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ కాదు, నాలుగేండ్లు బూడిదలో పోసిన పన్నీరే. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపుతారా? ల్యాబులో పనిచేసే మిషన్లు ఎన్ని? ఆఫీసు గదిలో కాదు, క్యాంటీన్ దగ్గర మూడో సంవత్సరం పిల్లోల్లను అడిగితే నిజం తెలుస్తుంది.

ఊర్లో మెడికల్ షాపు పెట్టుకోవడమే మీ ఆలోచనైతే రెండేండ్ల డీఫార్మసీ చాలు. తర్వాత చదవాలనిపిస్తే ఈసెట్ రాసి బీఫార్మసీ రెండో సంవత్సరంలో చేరొచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ లాంటి ఉద్యోగానికి మాత్రం డిగ్రీ కావాల. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనే బీఫార్మసీ ఉందని మనలో చాలామందికి తెలియదు. ఆడబిడ్డలున్నోళ్లు ముందు అది చూడండి.

ఇంటర్వ్యూ ఉన్న చోట బిడ్డతో బట్టీ జవాబులు చెప్పించొద్దు. "ఫార్మసీ ఎందుకు" అంటే మా పాప ఏం చెప్పిందో తెలుసా? మా ఆవుకు పొదుగువాపు వస్తే మందు సీసా మీద చదివి, ఇన్ని రోజులు పాలు కేంద్రానికి పోయొద్దు నాయనా అని నన్ను ఆపిందంట. నేను ఆ పొద్దు తిట్టినా కూడా. అది చెప్పింది. వాళ్లు వినలేదనుకోండి, నేను విన్నా.

కన్వీనర్ సీటే తీసుకున్నాం. సాయంత్రం బస్సుకు నేనే బైకు మీద ఎదురుపోతా అని మా ఇంటామెకు మాటిచ్చినా. మీలో ఎవరికైనా ఆప్షన్లు పెట్టేది తెలియకుంటే సాయంత్రం పాల కేంద్రం దగ్గరికి రండి, పాప దగ్గరుండి చూపిస్తుంది.