తగ్గడం వేరు, మానడం వేరు

జబ్బు సంగతి మాట్లాడేటప్పుడు మనం వాడే మాట ఒకటుంది. "తగ్గిందా?" జ్వరమైనా, దగ్గయినా, కాలు విరిగినా చూడవచ్చిన వాళ్ళు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. "తగ్గిందండీ" అని జవాబు చెబితే ఇక అయిపోయినట్టే. లేచి పనిలో పడొచ్చు. నిజానికి తగ్గింది నొప్పి. గాయం మానిందో లేదో ఆ ప్రశ్నలోనూ లేదు, ఆ జవాబులోనూ లేదు. పుండు పైకి కనిపిస్తుంది కాబట్టి "మానింది" అనడానికి ముందు నాలుగుసార్లు చూసుకుంటాం. మోకాలి లోపల జరిగేది ఎవరికి కనిపిస్తుంది? అందుకే మోకాలి ఆపరేషన్ విషయంలో తగ్గడానికీ మానడానికీ మధ్య ఉన్న నెలల్ని మనం లెక్కలోకి తీసుకోం.

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది ఇక్కడి మోకాళ్ళ వల్ల కాదు, ఎక్కడో మంచులో దెబ్బతిన్న ఒక మోకాలి వల్ల. మన అక్కచెల్లెళ్ళూ, ఆడపిల్లలూ ఎంతోమంది ఇప్పుడు అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో, కెనడాలో కాపురాలుంటున్నారు. అక్కడ చలికాలం వచ్చిందంటే స్నోమొబైళ్ళ కాలం. ముందు రెండు స్కీలు, వెనక తిరిగే రబ్బరు పట్టా, స్కూటరుకున్నట్టు హ్యాండిల్. రెండు మూడు క్వింటాళ్ళ బరువుండే ఈ బండి మంచు మీద దూసుకుపోతుంది. ఒక్క మిన్నెసోటా రాష్ట్రంలోనే వీటికోసం 22 వేల మైళ్ళ బాటలున్నాయి.

ఈ బండి పుట్టుక వెనక ఒక ఇంటి దుఃఖం ఉంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, వాల్కోర్ అనే ఊళ్ళో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన చిన్నకొడుక్కి ప్రాణం మీదికొచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆస్పత్రికి చేర్చలేక బిడ్డను పోగొట్టుకున్నారు. మంచు మీద నడిచే వాహనం తయారుచేయాలన్న ఆయన పట్టుదల ఆ తర్వాత మరీ పెరిగిందంటారు. 1937లో పలువురు కూర్చునే వాహనానికి పేటెంటు వచ్చింది. 1959లో ఒకరిద్దరు ఎక్కే 'స్కీడూ' వచ్చింది. ఆస్పత్రికి చేర్చడానికని మొదలైన బండి, సెలవురోజుల సరదాగా మారింది.

సరదాని నేను తప్పు పట్టడం లేదు. ఆ సరదా ఆడవాళ్ళకెందుకు అని అసలే అనను. నా మాటల్లా ఆపరేషన్ అయిన మోకాలితో, దాని గడువు తీరకుండా, ఆ బండెక్కడం గురించే.

"కూర్చుని నడిపేదే కదా, పరుగెత్తాలా, గెంతాలా?" అంటారు. అక్కడే పొరపాటు. స్నోమొబైల్ మీద కూర్చోవడమంటే సోఫాలో కూర్చోవడం కాదు. బాటమీద గతుకులొచ్చినప్పుడు సీటు మీంచి సగం లేచి, మోకాళ్ళు వంచి నిలబడాలి. అప్పుడు ఆ కుదుపుల్ని తట్టుకునే స్ప్రింగులు మన మోకాళ్ళే. మలుపు తిరిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక పక్కకి వాలుతుంది. లోతు మంచులో బండి కూరుకుపోతే తొడ లోతు మంచులోకి దిగి, లాగి, ఎత్తి బయటికి తీయాలి. అన్నిటికంటే ప్రమాదం, బండి ఒరిగిపోతుందనిపించినప్పుడు సైకిల్ మీద అలవాటైనట్టుగా కాలు కింద పెట్టేయడం. బూటు మంచులో దిగబడి అక్కడే ఉండిపోతుంది, బండీ మనిషీ ముందుకు పోతారు. మధ్యలో మెలి తిరిగేది మోకాలు.

మా పెద్దమ్మ కూతురికి సరిగ్గా అదే జరిగింది. మిన్నెసోటాలో ఉంటుంది. సెప్టెంబరులో బాడ్మింటన్ ఆడుతూ చటుక్కున పక్కకి తిరగబోతే పాదం అక్కడే నిలిచిపోయి మోకాలు తిరిగింది. లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. తొడ ఎముకనీ, కింది కాలి ఎముకనీ పట్టి ఉంచే తాడు అది. నవంబరు మొదట్లో ఆపరేషన్ చేశారు. రెండు వారాలకి కుట్లు విప్పారు. సంక్రాంతి నాటికి కర్ర లేకుండా మెట్లెక్కుతోంది. నొప్పి లేదు, వాపు లేదు. జనవరి ఆఖర్న నాలుగు కుటుంబాలు కలిసి ఉత్తరాన ఒక చెరువు పక్క ఇల్లు అద్దెకి తీసుకున్నారు. డబ్బు ముందే కట్టేశారు. అందరూ అడిగింది ఒకటే, "తగ్గిపోయిందిగా?" ఇది కూడా తగ్గిపోయిందనే చెప్పింది. పదకొండో వారంలో బండెక్కింది. మూడో మలుపులో కాలు కింద పెట్టింది. "టప్‌మని చప్పుడు నాకే వినిపించిందే" అని ఫోనులో చెప్పింది. రెండో ఆపరేషన్‌కి ఈసారి నరం రెండో కాలి నుంచి తీయాల్సి వచ్చింది. అంటే ఒక మోకాలి దెబ్బకి రెండు కాళ్ళూ మంచాన పడ్డాయన్నమాట.

ఆవిడ తెలివితక్కువది కాదు. ఇంజనీరు. మరి ఎందుకు మోసపోయింది? మోకాలే మోసం చేసింది కనక.

తెగిన ఏసీఎల్‌ని మామూలుగా కుట్టి ఊరుకోరు. మన ఒంట్లోంచే, తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో ఒక పట్టీ తీసి, ఎముకలో దారి తొలిచి, దాని స్థానంలో బిగిస్తారు. ఇది అచ్చం అంటు కట్టడం లాంటిది. అంటు కట్టిన మామిడి కొమ్మని చూడండి, ఆకులు పచ్చగానే ఉంటాయి. అతుక్కుందనుకుని లాగితే ఊడి చేతికొస్తుంది. మోకాల్లో పెట్టిన పట్టీకి మొదట్లో సొంత రక్తప్రసారం ఉండదు. కొత్త రక్తనాళాలు పుట్టి, అది మెల్లగా లిగమెంట్‌గా మారాలి. ఈ మార్పు జరిగే తొలి నెలల్లో అది ఆపరేషన్ రోజున ఉన్నదానికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పీ వాపూ పోయి, మనిషికి ధైర్యం వస్తుంది. లోపల అన్నిటికంటే నాజూగ్గా ఉన్నప్పుడే, పైకి అంతా బాగుందనిపిస్తుంది. ఇదీ అసలు చిక్కు.

ఎంతకాలం ఆగాలి? నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని రెండేళ్ళు గమనించి 2016లో ఒక లెక్క చెప్పారు. మలుపులు, గెంతులు ఉన్న ఆటలకి తిరిగి వెళ్ళడాన్ని తొమ్మిది నెలల దాకా, ఒక్కొక్క నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం సగానికి సగం, అంటే 51 శాతం చొప్పున తగ్గింది. కాలి బలం, గెంతు పరీక్షలన్నీ నెగ్గాక ఆటకి వెళ్ళిన వాళ్ళలో మళ్ళీ దెబ్బతిన్నవాళ్ళు నూటికి ఆరుగురు. నెగ్గకుండా వెళ్ళినవాళ్ళలో 38 మంది! ఇవి ఆటస్థలం లెక్కలే, మంచు బండివి కావు. కానీ ప్రమాదం మెలి తిరగడంలో ఉన్నప్పుడు, అది బంతి కోసం తిరిగిందా, బండి మీంచి తిరిగిందా అన్నది మోకాలికి తెలుస్తుందా?

తొమ్మిది నెలలు కూడా హామీ కాదు సుమా, అది తక్కువలో తక్కువ గడువు. అమెరికా స్కీయింగ్ క్రీడాకారిణి లిండ్సే వాన్ 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో పడి కుడి మోకాలి లిగమెంట్లు తెంచుకుంది. పేరున్న వైద్యులు, రోజంతా వెంట ఉండే శిక్షకులు ఆవిడకేం కొదవ? ఆ నవంబరులో సాధన చేస్తూ పడితే బాగుచేసిన లిగమెంటే మళ్ళీ దెబ్బతింది. 2014 సోచి ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయింది. ఒలింపిక్ విజేతకే అలా అయితే, ఇల్లూ ఉద్యోగం చూసుకుంటూ సందు దొరికినప్పుడు వ్యాయామం చేసుకునే మన సంగతేమిటి?

ఒకే ఆట ఆడే ఆడపిల్లలకీ మగపిల్లలకీ పోల్చి చూస్తే, ఏసీఎల్ తెగడం ఆడపిల్లల్లో కనీసం రెండు రెట్లు ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. దెబ్బ ఎక్కువ మనకే, విశ్రాంతి తక్కువా మనకే.

బాలింతని చూడండి. పచ్చి ఒళ్ళు, చన్నీళ్ళు ముట్టుకోకూడదు, బరువెత్తకూడదు, ఇన్నో రోజు స్నానం, ఇన్నో నెల అత్తవారింటికి అని ఇంటిల్లిపాదికీ ఒక లెక్క తెలుసు. ఆ లెక్కలో కొన్ని చాదస్తాలుంటే ఉండొచ్చు గానీ, ఆవిడ విశ్రాంతి ఆవిడ ఒక్కర్తే అడుక్కోవలసిన అవసరం లేదు. ఊరంతా ఆమె తరఫున ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి అలాంటి లెక్క లేదు. కర్ర పక్కన పెట్టిన రోజునే గడువు తీరిపోయినట్టు. అమెరికాలోనైతే చాలా బీమా పథకాలు ఫిజియోథెరపీకి ఏడాదికి ఇన్నిసార్లే అని గీత గీస్తాయి. ఆ లెక్క అయిపోగానే మనిషి బాగుపడిపోయిందని తనూ అనుకుంటుంది, ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. అక్క అదే చెప్పింది. "అందరూ బయట మంచులో తిరుగుతుంటే నేను లోపల కిటికీ పక్కన నిలబడి వాళ్ళు తిరిగొచ్చేసరికి బజ్జీలు వేసి పెట్టాలా?" ఈ మాట నాకు గుచ్చుకుంది. నిజమే, సరదాల్లో మన వాటా ఎప్పుడూ వంటింటి వైపే ఉంటుంది. బండెక్కాలన్న ఆవిడ కోరికలో తప్పులేదు. అయితే ఆ కిటికీ దగ్గర మనిషికి తోడుగా ఇంకొకరు కూర్చోవచ్చు కదా? బజ్జీలు ఎవరైనా వేయొచ్చు కదా? "ఈ ఏడాది చెరువు చూసి వద్దాం, బండ్లు వచ్చే ఏడాది ఎక్కుదాం" అని ఒక్కరన్నా అంటే ఆగడం శిక్ష అనిపించేది కాదు. ఆగమని చెప్పే వాళ్ళు, ఆగినన్నాళ్ళూ తోడుండాలి కూడా.

కాబట్టి బండెక్కే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్నున్నాయి. ఆపరేషన్ చేసిన కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతానికైనా వచ్చిందా? ఇది చేత్తో నొక్కి చూసి చెప్పేది కాదు, పరికరంతో కొలిచి చెప్పమనండి. ఒంటికాలి మీద తూలకుండా కూర్చుని లేవగలమా, గెంతగలమా? మోకాళ్ళు సగం వంచి కొన్ని నిమిషాలు నిలబడితే కాలు వణుకుతోందా? మర్నాడు వాపు వస్తోందా? వాపొస్తే మోకాలు ఇంకా సిద్ధం కాలేదనే అర్థం. డాక్టరుని "తిరగొచ్చా?" అని అడిగితే "తిరగొచ్చు" అంటారు. ఆయన చెప్పేది నడక సంగతి. "స్నోమొబైల్ ఎక్కొచ్చా? బండి కూరుకుపోతే దిగి లాగాల్సి వస్తుంది" అని విడమరిచి అడగాలి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం ఎక్కకండి. ఆగమని చెప్పే నోరు అదొక్కటే, దాన్నీ నొక్కేస్తే ఎలా?

అన్ని మోకాలి ఆపరేషన్లూ ఒకటి కావు. లోపలి మెత్తలాంటి మెనిస్కస్‌లో చిరిగిన ముక్క తీసేస్తే కొన్ని వారాల్లో కోలుకుంటారు. దాన్నే కుడితే నెలలు పడుతుంది. కీలు మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్ళు పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చు, వాళ్ళు గతుకుల్లో తిరిగి కింద పడితే కొత్త కీలు చుట్టూ ఎముక విరిగే ప్రమాదం ఉంది. మూడో వారానికే వడియాలు పెట్టడానికి డాబా ఎక్కేసే అత్తయ్యలకి కూడా ఇదే వర్తిస్తుంది. మంచు లేకపోయినా మెట్లున్నాయిగా!

తొమ్మిది నెలలు ఓపిక పట్టడం మనకి కొత్త విద్య కాదు. లోపల ఒకటి తయారవుతోందని తెలిస్తే, బయటికి ఏమీ కనిపించకపోయినా ఎంత జాగ్రత్తగా అడుగేయాలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ జాగ్రత్తని మోకాలి దాకా తెచ్చుకుంటే చాలు. ఇకమీదట ఆపరేషన్ అయిన మనిషిని చూడబోయినప్పుడు "తగ్గిందా?" అని అడగడం మానేద్దాం. కడుపుతో ఉన్నమ్మాయిని అడిగినట్టు "ఎన్నో నెల?" అని అడుగుదాం.