జబ్బుల లెక్కలో ఆడవాళ్లెక్కడ?

ఊళ్లో నలుగురికి కామెర్లు వచ్చాయంటే మొదట తెలిసేది ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు. ఆ కబురు త్వరగా పైకి చేరాలనే 2004లో కేంద్రం సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఉపకేంద్రం నుంచి ‘ఎస్’, డాక్టర్ల నుంచి ‘పి’, లేబొరేటరీల నుంచి ‘ఎల్’ ఫారాలు వారం వారం వెళ్లేవి. 2021 ఏప్రిల్లో వాటి స్థానంలో కొత్త ఆన్‌లైన్ వేదిక వచ్చింది.

ఇలాంటి వ్యవస్థల పనితీరును కొలవడానికి నిపుణులకు కొన్ని ప్రమాణాలున్నాయి. సమాచారం సకాలంలో వచ్చిందా? ఎన్ని కేసులను పసిగట్టింది? ఎన్ని హెచ్చరికలు నిజమయ్యాయి? ఈ ప్రశ్నలు అవసరమే. కానీ ఫారాలు వేళకు అందినంత మాత్రాన వ్యవస్థ బాగున్నట్టేనా? ఆ ఫారంలో ఎవరు కనబడటం లేదో కూడా అడగొద్దా?

పాత ‘ఎస్’ ఫారమే తీసుకోండి. ఆడ, మగ లెక్కలు వేరుగా రాయించారు, సంతోషం. వయసుకు మాత్రం రెండే గళ్లు: ఐదేళ్ల లోపు, ఐదేళ్లు ఆపైన. ఆరేళ్ల పిల్ల, నెలలు నిండిన గర్భిణి, అరవయ్యేళ్ల అవ్వ అందరూ ఒకే గడిలో! కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు సోకితే మాత్రం 20 నుంచి 25 శాతం మంది చనిపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1955-56లో యమున నీరు కలుషితమై ఢిల్లీలో సుమారు 29 వేల మందికి కామెర్లు సోకినప్పుడే ఈ తేడా బయటపడింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత తయారైన ఫారంలో కూడా గర్భిణికి ఒక గడి దొరకలేదు.

రెండోది శ్రమ సంగతి. ఈ వ్యవస్థకు కళ్లూ చెవులూ స్త్రీలే. ఆశాలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డుతో గౌరవించింది. మన ప్రభుత్వాలు వారిని ఇంకా ఉద్యోగులుగా గుర్తించక, ప్రోత్సాహకాలతోనే సరిపెడుతున్నాయి. నిఘాలో పాల్గొనేవారి సుముఖత కూడా మూల్యాంకనంలో ఒక ప్రమాణమే. మరి వాళ్లు ఇష్టపడి చేస్తున్నారో, గత్యంతరం లేక చేస్తున్నారో ఎవరు తేలుస్తారు?

కాబట్టి మూల్యాంకన బృందం మీ మండలానికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. గర్భిణుల కేసులు విడిగా కనిపిస్తున్నాయా? సమాచారం ఇచ్చిన కార్యకర్తకు తగిన వేతనం, తిరిగి జవాబు అందుతున్నాయా? హెచ్చరిక పైకి వెళ్లాక ఆ ఊరికి మంచినీళ్లు ఎన్నాళ్లకు వచ్చాయి? వీటికి జవాబు లేని నివేదికలో ఎన్ని మార్కులు వేసినా, అవి మన ప్రాణాలకు వేసినవి కావు.