కైసెకి విందు కళ కావచ్చు, పథ్యం కాదు

జపాన్ దేశస్థులు దీర్ఘాయుష్కులు; కావున జపాన్ భోజనం ఆరోగ్యకరం; కావున క్యోటోలోనో టోక్యోలోనో ఖరీదైన భోజనశాలలో పన్నెండు వడ్డనల విందు ఆరగించడం ఆరోగ్యానికి పెట్టుబడి. ఈ మూడు మెట్ల తర్కం యాత్రా వ్యాసాల్లోనూ, వీడియోల్లోనూ, విదేశాలు చూసి వచ్చిన మన బంధుమిత్రుల మాటల్లోనూ తరచుగా వినవస్తోంది. మొదటి మెట్టు నిజం. 2023 లెక్కల ప్రకారం అక్కడి స్త్రీల సగటు ఆయుర్దాయం 87 ఏళ్ళు, పురుషులది 81 ఏళ్ళు. రెండవ మెట్టు సగమే నిజం. మూడవది మాత్రం వ్యాపారం అల్లిన కథ. ఆ కథను నమ్మి రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సైతం నిశ్చింతగా ఆ బల్ల ముందు కూర్చుంటున్నారు. నా అభ్యంతరం అక్కడ.

కైసెకి అంటే తెలియని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. అది వంటవాడే నిర్ణయించిన వరుసలో సాగే విందు. అతిథి ఎంచుకునేది ఏమీ ఉండదు. మొదట చిన్న ఆరంభ వంటకం, తరువాత మూతపెట్టిన గిన్నెలో తేటచారు, పచ్చిచేప ముక్కలు, నిప్పుల మీద కాల్చినది, ఉడికించినది, ఇలా ఒకటి వెంట ఒకటి వస్తాయి. అన్నం, మిసో చారు, ఊరగాయ చిట్టచివర వస్తాయి. ఆ పైన ఒక పండు ముక్క. ఋతువును బట్టి వంటకమూ మారుతుంది, పాత్రా మారుతుంది. పేరున్న చోట మనిషికి 30 వేల యెన్‌లు దాటడం మామూలే. సుషీ దుకాణాల్లో దీనికి సోదరరూపం ఒమకసే. ఆ మాటకు ‘మీకే వదిలేస్తున్నాను’ అని అర్థం. వంటవాడు అతిథి ఎదుటే ఒక్కొక్క ముద్ద చేసి అందిస్తాడు.

ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. చేపను కోసే తీరులో శస్త్రవైద్యులు సైతం నేర్చుకోదగినది ఉంది. కానీ ఈ విందు పేరులోనే ఒక విచిత్రముంది. తేనీటి ఉపచారంలో వడ్డించే కైసెకిని ‘ఒడిలోని రాయి’ అనే అర్థమిచ్చే అక్షరాలతో రాస్తారు. ఆకలిని తట్టుకోవడానికి జెన్ సన్యాసులు వేడిచేసిన రాయిని పొట్టకు ఆనించుకునేవారని, ఆ పేరు అందుకే వచ్చిందని చెబుతారు. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ తీర్చిదిద్దిన సంప్రదాయంలో ఆ భోజనం ఒక చారు, మూడు వంటకాలు. చిక్కటి తేనీరు ఖాళీ కడుపులో పడకుండా ఉండేందుకు ఏర్పాటు. అదే ఉచ్చారణతో, వేరే అక్షరాలతో, మద్యంతో కూడిన విందుభోజనమనే అర్థంలో మరో కైసెకి ఉంది. నేటి భోజనశాలలు పేరుప్రతిష్ఠలను మొదటిదాని నుంచి, వడ్డనల సంఖ్యను రెండవదాని నుంచి తీసుకున్నాయి. ఆకలిని ఓర్చుకున్న సన్యాసి పేరు మీద రెండున్నర గంటల విందు నడుస్తోంది!

ఇక ఉప్పు సంగతి. ఈ భోజనంలో నూనె తక్కువ, కొవ్వు తక్కువ, కూరగాయలూ చేపలూ ఎక్కువ. అంతవరకు మెచ్చుకోవలసిందే. అయితే నూనె లేనిచోట రుచిని మోసేది ఉప్పే. సాధారణ సోయా సాస్‌లో సుమారు 14, 15 శాతం ఉప్పు ఉంటుంది. క్యోటో వంటలో విరివిగా వాడే లేతరంగు సోయా సాస్‌లో అంతకన్నా ఎక్కువ, దాదాపు 16 శాతం. రంగు లేతగా ఉంది గనుక ఉప్పు కూడా తక్కువని భ్రమపడతాం. గిన్నెడు మిసో చారులో ఒక గ్రాముకు పైగా ఉప్పు సహజం. తేటచారులోనూ దాదాపు అంతే. పచ్చిచేపతో ఒక టీస్పూను సోయా సాస్ కడుపులోకి వెళితే మరో 0.9 గ్రాము. ఉప్పు రాసి కాల్చిన చేప, సాస్‌లో ఉడికిన దుంపలు, చివర ఊరగాయ కలిపి చూడండి. ఒక్క పూటలో ఐదారు గ్రాములు దాటుతుందని నా అంచనా. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండుచేప తురుము కలిసిన దాషి రసానికి స్వతఃసిద్ధమైన రుచి ఉంది కనుక ఉప్పు తగ్గించే వీలుందని కొందరు వాదిస్తారు. వీలుంది, నిజమే. 1908లో ఇకెదా కికునాయే కొంబులోని ఆ రుచికి కారణం గ్లుటమేట్ అని కనుగొన్ననాటి నుంచీ ఆ వీలు ఉంది. అయినా నేటికీ సగటు జపాన్ పౌరుడు రోజుకు తినే ఉప్పు 10 గ్రాముల దరిదాపుల్లోనే ఉంది.

ఆరోగ్యవంతుడు ఏడాదికొకసారి తింటే ఏమవుతుందని అడగవచ్చు. ఏమీ కాదు, హాయిగా తినవచ్చు. గుండె బలహీనపడి నీటి మాత్రల మీద ఉన్నవారికి ఆ జవాబు వర్తించదు. ఒక్క సాయంత్రపు ఉప్పు మరునాటి రాత్రికి కాళ్ళవాపుగా, ఆయాసంగా మారడం వైద్యులందరూ చూసినదే.

మధుమేహం ఉన్నవారు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవవలసిందిగా కోరుతున్నాను. ఇది ఏ యాత్రా వ్యాసంలోనూ కనబడదు. మన భోజనంలో అన్నం మొదటి ముద్ద నుంచే ఉంటుంది. మన రోగులు మాత్రలకూ ఇన్సులిన్‌కూ వేళ కుదుర్చుకున్నది ఆ అలవాటును బట్టే. కైసెకిలో అన్నం వచ్చేది చివర, కూర్చున్న రెండు గంటలకు. వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఒకటి, ఒకటిన్నర గంటలో తన పూర్తి బలం చూపుతుంది. అప్పటికి లోపలికి వెళ్ళినది తేటచారు, నాలుగు చేప ముక్కలు, ఒక ఆకుకూర. రక్తంలో చక్కెర పడిపోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికీ ఇదే ప్రమాదం. దీనికి సాకే తోడైతే మరీ కష్టం. కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసి ఆదుకునే దారిని మద్యం అడ్డుకుంటుంది. చెమటలు, తడబడే మాట, మగత కనబడితే పక్కవారు తాగింది ఎక్కువైందనే అనుకుంటారు. 180 మిల్లీలీటర్ల సాకేలో సుమారు 21 గ్రాముల శుద్ధ మద్యం ఉంటుంది. ప్రతి వడ్డనకూ జతగా పోసే ఏర్పాటులో ఆ కొలత దాటడం తెలియనే తెలియదు.

సుషీ ఒమకసేలో కథ తలకిందులవుతుంది. అందరి చూపూ చేప మీదే ఉంటుంది గాని, ప్రతి ముద్ద అడుగునా అన్నముంది. ముద్దకు 15 గ్రాములనుకున్నా 15 ముద్దలకు 225 గ్రాముల అన్నం. ఆ అన్నంలో వెనిగర్, ఉప్పు, చాలాచోట్ల చక్కెర కలుపుతారు. ‘నేను అన్నం మానేశాను, సుషీ తింటున్నాను’ అనేవారిని చూస్తే నవ్వాలో విచారించాలో తెలియదు.

పచ్చిచేప విషయంలో మన దగ్గర రెండు అతివాదాలున్నాయి. ఒకటి అసహ్యం, రెండవది ఆరాధన. అసహ్యం అనవసరం, మంచి దుకాణంలో శుభ్రతకు లోటుండదు. కానీ శుభ్రత వేరు, పరాన్నజీవి వేరు. కానాగంత జాతి చేపల్లో, స్క్విడ్‌లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండవచ్చు. కొన్నేళ్ళుగా జపాన్‌లో నమోదవుతున్న ఆహార సంబంధ అస్వస్థత ఘటనల్లో అది ముందువరుసలో ఉంది. వసాబీ కారం దానిని చంపదు, వెనిగర్ చంపదు. మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు గడ్డకట్టించడమో, బాగా ఉడికించడమో చంపుతుంది. తిన్న కొన్ని గంటలకే పొట్ట పైభాగంలో భరించరాని నొప్పి వస్తుంది. అక్కడి వైద్యులు వెంటనే ఎండోస్కోపీ చేసి పురుగును తీసివేస్తారు. విమానమెక్కి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దిగిన మనిషి ‘గ్యాస్ నొప్పి’ అని చెబితే ఇక్కడి వైద్యుడికి ఆ ఆలోచన తట్టకపోవచ్చు. పచ్చిచేప తిన్నామని చెప్పడం రోగి బాధ్యత.

గర్భవతులకు జపాన్ ఆరోగ్య మంత్రిత్వశాఖ ఇచ్చే సలహా మరీ నిర్దిష్టమైనది. పాదరసం పేరుకునే బ్లూఫిన్ ట్యూనా వంటి పెద్ద చేపలను వారానికి సుమారు 80 గ్రాములకు మించి తినవద్దంటుంది. ఒమకసేలో ఆ చేప వేర్వేరు భాగాల నుంచి మూడు ముక్కలు వస్తే దాదాపు 45 గ్రాములు. ఆ లెక్కన కొంప మునగదు గాని, వారపు వాటాలో సగం అక్కడే పూర్తయింది. మినమాటాలో పాదరసం గర్భస్థ శిశువులను ఏం చేసిందో చూసిన దేశం ఇస్తున్న సలహా ఇది. తేలికగా తీసుకోదగినది కాదు. గర్భవతులూ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారూ పచ్చివాటిని పూర్తిగా వదిలివేయడమే మేలని నా అభిప్రాయం.

ఇన్ని చెప్పినా అసలు చిక్కు చేపలోనూ లేదు, ఉప్పులోనూ లేదు. ఆ బల్ల ముందు నోరు విప్పడం అమర్యాద అనే భావనలో ఉంది. అంత గొప్ప వంటవాడిని ఇది వద్దు, అది తగ్గించు అనడం ఎలాగని అతిథి మొహమాటపడతాడు. గిన్నెలో మిగల్చడానికీ సంకోచిస్తాడు. 1713లో ‘యోజోకున్’ అనే ఆరోగ్య గ్రంథం రాసిన కైబారా ఎక్కెన్ కడుపు పూర్తిగా నిండకముందే ఆపమన్నాడు. వడ్డనల సంఖ్య ముందే ఖరారై, సొమ్ము ముందే చెల్లించిన చోట ఆపడం ఎలా?

మొహమాటం రెండువైపులా ఉంటుంది. 1975 జనవరిలో ప్రసిద్ధ కబుకీ నటుడు ఎనిమిదవ బాందో మిత్సుగోరో క్యోటోలో ఫుగు చేప కాలేయం తిన్నాడు. ఒక్కరి వంతు కాదు, నాలుగు వంతులు. ఆ కాలేయంలోని టెట్రోడోటాక్సిన్ వండినా పోదు, దానికి విరుగుడు మందూ లేదు. శ్వాస కండరాలు చచ్చుబడి కొన్ని గంటల్లోనే మరణించాడు. దేశం గౌరవించే అంతటి కళాకారుడు అడిగితే వంటవాడు కాదనలేకపోయాడు. నిర్లక్ష్యంతో మరణానికి కారకుడయ్యాడని న్యాయస్థానం తరువాత అతడిని శిక్షించింది. ఇప్పుడు ఫుగు కాలేయం వడ్డించడం అక్కడ నిషిద్ధం. వంటవాడికి లైసెన్సూ అవసరం.

కనుక వెళ్ళేవారు బల్ల దగ్గర కాదు, స్థలం కేటాయించుకునే రోజునే తమ జబ్బు సంగతి చెప్పాలి. మంచి భోజనశాలలు తినకూడనివి ఏమిటని అప్పుడే అడుగుతాయి. మనవారు ఆ గడిలో ‘ఏమీ లేవు’ అని రాసి ఊరుకుంటున్నారు. అన్నం కొంచెం ముందుగా ఇమ్మని కోరవచ్చు. చారులో ముక్కలు తిని ద్రవం వదిలివేయవచ్చు. ఇన్సులిన్ వేళ మార్చడం గురించి ప్రయాణానికి ముందే తమ వైద్యుడిని సంప్రదించాలి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. కోరిన మార్పు చేయలేమని కొందరు నిర్మొహమాటంగా చెప్పేస్తారు. అది నిజాయితీ. అక్కడికి వెళ్ళకపోతే సరి.

మరి జపాన్ వారికి ఆ ఆయుష్షు ఎక్కడి నుంచి వచ్చింది? 1951 నుంచి 1980 వరకు ఆ దేశంలో మరణాలకు మొదటి కారణం పక్షవాతం. ఉత్తరాన అకితా ప్రాంతంలో 1950లలో మనిషి రోజుకు 20 గ్రాములకు పైగా ఉప్పు తినేవాడు. అదీ జపాన్ భోజనమే, చేపలూ మిసో నాచూ ఉన్న సంప్రదాయ భోజనమే. పరిస్థితి మారింది రక్తపోటు పరీక్షలతో, 1961 నాటికి అందరికీ అందిన ఆరోగ్య బీమాతో, 1954 చట్టంతో స్థిరపడిన బడిభోజనంతో. బడిపిల్లవాడికీ వంటకం ఎంచుకునే హక్కు లేదు. అయితే అక్కడ నిర్ణయించేది పోషకాహార నిపుణురాలు. ఉప్పు కూడా లెక్కకట్టే వడ్డిస్తారు.

కొండల మధ్య ఉన్న నగానో రాష్ట్రంలో పక్షవాతం మరీ ఎక్కువగా ఉండేది. చలికాలమంతా ఊరగాయలే కూరలు. అక్కడ ఆరోగ్య కార్యకర్తలుగా ముందుకొచ్చిన వారిలో అత్యధికులు సాధారణ గృహిణులు. వారు ఇల్లిల్లూ తిరిగి పొయ్యి మీది మిసో చారులో ఉప్పు ఎంతుందో పరికరంతో కొలిచారు. కూరముక్కలు పెంచి చారు తగ్గించమన్నారు. నూడుల్స్ తిని గిన్నెలోని రసం వదిలేయమన్నారు. చలికి రక్తపోటు పెరుగుతుంది గనుక ఇంట్లో కనీసం ఒక గదినైనా వెచ్చగా ఉంచుకోమన్నారు. 1990 లెక్కల్లో పురుషుల ఆయుర్దాయంలో నగానో దేశంలోనే మొదటి స్థానానికి చేరింది.