బ్రౌజర్ ఎంచుకోవాలంటే స్పీడ్ టెస్టులు పక్కన పెట్టండి

"ఏ బ్రౌజర్ ఫాస్ట్?" అని యూట్యూబ్‌లో కొడితే వీడియోలకు కొదవే లేదు. నాలుగు బ్రౌజర్లు పక్కపక్కన పెట్టి, ఒకే సైట్ ఓపెన్ చేసి, అర సెకను ముందు లోడ్ అయినదానికి కిరీటం పెట్టేస్తారు. చూడటానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ అర సెకను చూసి బ్రౌజర్ మార్చడమంటే హారన్ సౌండ్ నచ్చి బైక్ కొన్నట్టే.

నా లెక్కలో బ్రౌజర్ ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండే. దీన్ని తయారు చేసేవాళ్లకి డబ్బులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నాకు వద్దు అనుకున్నదాన్ని ఆపే వీలు ఇది నాకు ఇస్తుందా? థీమ్‌లు, సైడ్‌బార్లు, కొత్తగా వచ్చిన ఏఐ బటన్లు, ఇవన్నీ తర్వాతి మాట.

పేర్లు వేరు, ఇంజిన్ ఒకటే

స్పీడ్ టెస్ట్ ఎందుకు పెద్దగా పనికిరాదో ముందు చెప్తాను. వెబ్ పేజీ కోడ్‌ని చదివి స్క్రీన్ మీద పేజీగా గీసే భాగాన్ని ఇంజిన్ అంటాం. ఇవాళ చెప్పుకోదగ్గవి మూడే ఉన్నాయి: గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. గూగుల్ తన బ్రౌజర్ కోడ్‌లో చాలా భాగాన్ని క్రోమియం పేరుతో ఓపెన్ సోర్స్‌గా పెట్టింది. కాబట్టి ఎవరైనా దాన్ని తీసుకుని, పైన తమ రంగు వేసుకోవచ్చు. అందరూ అదే చేశారు. ఒపేరా 2013లో తన సొంత ప్రెస్టో ఇంజిన్‌ని వదిలేసి ఇటు వచ్చేసింది. మైక్రోసాఫ్ట్ కూడా సొంత ఇంజిన్‌తో కొన్నేళ్లు కుస్తీ పట్టి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ని రిలీజ్ చేసింది. బ్రేవ్, వివాల్డి, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నీ ఆ తానులో ముక్కలే. కేంద్ర ఐటీ శాఖ పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో మొదటి బహుమతి కొట్టిన జోహో వాళ్ల ఉలా కూడా క్రోమియమే.

ఇందులో తప్పేమీ లేదు. ఇంజిన్‌ని మొదటి నుంచి రాసి నిలబెట్టడం మైక్రోసాఫ్ట్‌కే భారమైపోయిందంటే పని ఎంత పెద్దదో అర్థం చేసుకోండి. కానీ క్రోమ్‌కీ ఎడ్జ్‌కీ మధ్య "స్పీడ్ వార్" అని థంబ్‌నెయిల్ పెట్టడం మాత్రం కామెడీ.

ఐఫోన్ వాళ్ల సంగతి ఇంకా విచిత్రం. యాప్ స్టోర్‌లో క్రోమ్ ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ ఉంటుంది, లోపల మాత్రం అన్నిటికీ ఆపిల్ వెబ్‌కిటే. వేరే ఇంజిన్ పెట్టుకోవడానికి 2024లో యూరోపియన్ యూనియన్ దేశాల వరకు ఆపిల్ దారి ఇచ్చింది. అది కూడా అక్కడి చట్టం బలవంతం మీదే. మన దగ్గర ఐఫోన్‌లో బ్రౌజర్ మార్చడమంటే ఎక్కువగా సింక్, మెనూలు మార్చుకోవడమే.

అసలు తేడా ఎక్కడ బయటపడింది

ఇంజిన్ అందరిదీ ఒకటే అయితే దాని రూల్స్ రాసేవాడి మాట అందరూ వినాలి. ఇది థియరీ కాదు. మానిఫెస్ట్ వి3 విషయంలో మన కళ్ల ముందే జరిగింది.

యాడ్ బ్లాకర్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. మీరు ఒక న్యూస్ సైట్ ఓపెన్ చేస్తే, ఆ పేజీ వెనకాల పదుల కొద్దీ రిక్వెస్టులు బయటికి వెళ్తాయి: ఫొటోలకి, ఫాంట్లకి, యాడ్ సర్వర్లకి, మిమ్మల్ని ఫాలో అయ్యే ట్రాకర్లకి. పాత పద్ధతిలో, అంటే మానిఫెస్ట్ వి2లో, ఎక్స్‌టెన్షన్ ప్రతి రిక్వెస్ట్‌నీ గుమ్మం దగ్గరే ఆపి చూసి, "నువ్వు వెళ్లు, నువ్వు ఆగు" అని అప్పటికప్పుడు నిర్ణయించేది. వి3లో ఆ అధికారం తీసేశారు. ఎక్స్‌టెన్షన్ ముందే ఒక రూల్స్ లిస్ట్ రాసి బ్రౌజర్ చేతికి ఇవ్వాలి. దాన్ని అమలు చేసేది బ్రౌజర్. ఆ లిస్ట్‌కీ పరిమితులు ఉన్నాయి. యాడ్ కంపెనీలు రోజుకో కొత్త ఎత్తు వేస్తుంటే, ముందే రాసి పెట్టుకున్న లిస్ట్‌తో ఎదుర్కోవడం కష్టం.

దీనికి గూగుల్ చెప్పిన కారణాలు సెక్యూరిటీ, పెర్ఫార్మెన్స్. నిజం చెప్పాలంటే ఇందులో పస లేకపోలేదు. మీ ప్రతి రిక్వెస్ట్‌నీ చూడగలిగే ఎక్స్‌టెన్షన్ దొంగదైతే మీ గుట్టంతా దాని చేతిలో ఉన్నట్టే. అలాంటి దొంగ ఎక్స్‌టెన్షన్లు క్రోమ్ స్టోర్‌లో దొరికిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ ఆదాయంలో ఎక్కువ భాగం యాడ్స్ నుంచి వచ్చే కంపెనీ, యాడ్ బ్లాకర్ల కోరలు పీకే మార్పు తెచ్చి "మీ మంచికే" అంటే ఎంతవరకు నమ్మాలి? 2024లో మొదలుపెట్టి 2025 మధ్యకల్లా క్రోమ్‌లో పాత ఎక్స్‌టెన్షన్లు పూర్తిగా ఆగిపోయాయి. యూబ్లాక్ ఆరిజిన్ పోయి దాని స్థానంలో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ మిగిలింది. లైట్ చెత్తేమీ కాదు, మామూలు వాడకానికి సరిపోతుంది. అసలుది వాడినవాళ్లకి మాత్రం తేడా తెలుస్తుంది.

ఫైర్‌ఫాక్స్ వి3ని తీసుకుంటూనే ఆ పాత అధికారాన్నీ అట్టిపెట్టింది. ఆ పని చేయగలిగింది ఎందుకంటే ఇంజిన్ దానిది. బ్రేవ్ ఇంకో దారి పట్టింది: యాడ్ బ్లాకర్‌ని ఎక్స్‌టెన్షన్‌గా కాకుండా బ్రౌజర్ లోపలే కట్టేసింది కాబట్టి ఎక్స్‌టెన్షన్ల రూల్ దానికి అడ్డు కాలేదు. మీకు నచ్చనిదాన్ని ఆపుకునే వీలు ఎవరి దగ్గర ఎంత ఉందో ఈ ఒక్క గొడవలో తేలిపోయింది.

ఫోన్లో ఈ తేడా ఇంకా పెద్దది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మామూలుగా ఎక్స్‌టెన్షన్లే లేవు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాయి. యూబ్లాక్ ఆరిజిన్ ముందు నుంచీ పనిచేసేది, 2023 డిసెంబర్ నుంచి వందల ఎక్స్‌టెన్షన్లకి తలుపు తెరిచారు. తెలుగు న్యూస్ సైట్లు, సినిమా సైట్లు ఫోన్లో చదివే అలవాటు ఉంటే ఒక్కరోజు ఇలా చదివి చూడండి. రెండు పేరాలకో యాడ్, కింద తేలుతూ ఒక వీడియో, క్లోజ్ బటన్ ఎక్కడుందో కనిపెట్టే ఆట, ఇవేవీ ఉండవు. మీ డేటా ప్యాక్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. యాడ్స్ లేకపోతే సైట్లు ఎలా బతుకుతాయని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. నచ్చిన సైట్‌కి బ్లాకర్ ఆఫ్ చేసే స్విచ్ అందులోనే ఉంది. ఈ సైట్‌తో మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు!

ఎవరి తిండి ఎవరు పెడుతున్నారు

ఇక మొదటి ప్రశ్న. క్రోమ్ సంగతి చెప్పేశాను. ఎడ్జ్ మిమ్మల్ని బింగ్ వైపు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ వైపు నెడుతూనే ఉంటుంది. ఆ నెట్టుడు ఆపేస్తే నిజానికి అది మంచి బ్రౌజర్. సఫారీ ప్రైవసీ గురించి గొప్పగా చెప్పుకుంటుంది, అందులో నిజమూ ఉంది. థర్డ్ పార్టీ కుకీలని 2020లోనే పూర్తిగా ఆపేసింది. క్రోమ్ మాత్రం అదే ఏడాది "మేమూ తీసేస్తాం" అని, వాయిదా మీద వాయిదా వేసి, చివరికి ఆ ప్లాన్‌నే వదిలేసింది. అయితే సఫారీలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ ఒక్క 2022లోనే ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది.

మరి ఫైర్‌ఫాక్స్? అదీ శుద్ధపూస కాదు. మొజిల్లా ఆదాయంలో సింహభాగం గూగుల్ ఇచ్చే సెర్చ్ డబ్బులే. 2025 ఫిబ్రవరిలో యూజర్ డేటా గురించి కొత్త రూల్స్ రాసి, "మీ డేటా ఎప్పటికీ అమ్మం" అనే పాత హామీని తీసేసి, నెటిజన్లతో చీవాట్లు తిని మళ్లీ సవరించుకుంది. బ్రేవ్ కూడా అంతే. మీరు ఒక క్రిప్టో సైట్ అడ్రస్ టైప్ చేస్తుంటే తన కమీషన్ లింక్ అతికించి 2020లో దొరికిపోయింది, తర్వాత సారీ చెప్పింది. సాధువులు ఎవరూ లేరు. కానీ దొరికిపోయి దిద్దుకున్నవాళ్లకీ, యాడ్స్ మీదే సామ్రాజ్యం కట్టుకున్నవాళ్లకీ నేను ఒకే మార్కులు వెయ్యను.

డిఫాల్ట్ బలం మన దేశానికీ కొత్త కాదు. 2022 అక్టోబర్‌లో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కి రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. అందులోని ఆరోపణల్లో ఒకటి, ఫోన్ కంపెనీలు గూగుల్ యాప్‌ల మూట మొత్తాన్ని ముందే వేయాల్సి రావడం. ఆ మూటలో క్రోమ్ ఉంది. మనలో చాలామంది క్రోమ్‌ని ఎంచుకోలేదు, ఫోన్ బాక్సులో వచ్చింది, వాడేశాం.

మరి మీకు ఏది?

గూగుల్ అకౌంట్ చుట్టూనే మీ బతుకంతా ఉంటే, ఇంగ్లిష్ పేజీలని తెలుగులోకి మార్చి చదివే అలవాటు ఉంటే, యాడ్స్ మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టకపోతే క్రోమ్‌లోనే ఉండండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు అక్కడికే ముందు వస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తక్కువైతే ఎడ్జ్ స్లీపింగ్ ట్యాబ్స్ పనికొస్తాయి. క్రోమ్‌లో కూడా మెమరీ సేవర్ ఉంది, చాలామంది ఆన్ చెయ్యరు. సెట్టింగ్స్‌లో చెయ్యి పెట్టే ఓపిక లేని అమ్మానాన్నల ఫోన్లో అయితే బ్రేవ్ పెట్టండి. ఇన్‌స్టాల్ చేసిన నిమిషం నుంచే యాడ్స్ ఆగుతాయి. "మీ ఫోన్లో 13 వైరస్‌లు ఉన్నాయి" అని భయపెట్టే పేజీలు చాలావరకు వాళ్ల దాకా రావు. నాకు అన్నిటికన్నా పెద్ద లాభం అదే.

నేను చెప్పే కాంబినేషన్ మాత్రం ఫైర్‌ఫాక్స్ ప్లస్ యూబ్లాక్ ఆరిజిన్. పక్కన ఒక క్రోమియం బ్రౌజర్ ఉంచుకోండి. రెండోది ఎందుకంటే కొన్ని బ్యాంకు పోర్టళ్లు, అప్లికేషన్ ఫారాలు ఇప్పటికీ క్రోమ్ తప్ప వేరేదంటే ముఖం తిప్పుకుంటాయి. దీనికి కారణం ఫైర్‌ఫాక్స్ కాదు, ఒక్క క్రోమ్‌లో టెస్ట్ చేసి "డన్" అని టికెట్ క్లోజ్ చేసే టీమ్‌లు. ఒకప్పుడు ప్రభుత్వ సైట్ల కింద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే బాగా కనిపిస్తుందని రాసి ఉండేది గుర్తుందా? మార్కెట్ మొత్తం చేతిలోకి వచ్చాక మైక్రోసాఫ్ట్ 2001లో వెర్షన్ 6 ఇచ్చి, తర్వాతి వెర్షన్ కోసం 2006 దాకా కూర్చోబెట్టింది. ఆ నిద్ర లేపింది ఫైర్‌ఫాక్స్. ఇప్పుడు ప్రపంచ వాడకంలో క్రోమ్ ఒక్కటే దాదాపు మూడింట రెండు వంతులు ఉంది. గూగుల్ నిద్రపోయే రకం కాదు, అది ఒప్పుకుంటాను. కానీ రూల్ మార్చినప్పుడు "మేం మార్చం" అనగలిగే ఇంజిన్ ఇంకొకటి బతికి ఉండాలి. అలాంటిది ఆండ్రాయిడ్‌లో, విండోస్‌లో నాకు కనిపిస్తున్నది గెకో ఒక్కటే.

ఊరూ పేరూ తెలియని చిన్న బ్రౌజర్ల జోలికి మాత్రం పోకండి. క్రోమియంలో ఒక లోపం దొరికి గూగుల్ ప్యాచ్ ఇస్తే, దాని మీద కట్టిన ప్రతి బ్రౌజరూ ఆ ప్యాచ్‌ని తనలోకి తెచ్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు నడిపే ప్రాజెక్టులో అది ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ప్రాజెక్టే ఆగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ల కోసం ఎంతోమంది వాడిన కివీ 2025లో అలాగే మూతపడింది. కొత్త ఏఐ బ్రౌజర్లకి కూడా ఇంకొంత టైం ఇవ్వండి. పేజీలో దాచిన అక్షరాలని ఆర్డర్‌గా తీసుకుని పర్‌ప్లెక్సిటీ కామెట్ పనిచేసేస్తోందని 2025 ఆగస్టులో బ్రేవ్ వాళ్లు చూపించారు. మీ మెయిల్ లాగిన్ ఉన్న బ్రౌజర్ అలా ఎవరి మాటైనా వింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మారాలనుకుంటే ఒక్కరోజులో పాతదాన్ని తీసెయ్యకండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఇంపోర్ట్ చేసుకుని, కొత్తదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి రెండు వారాలు వాడండి. పాస్‌వర్డ్‌లని మాత్రం ఏ బ్రౌజర్‌లోనూ ఉంచకుండా బిట్‌వార్డెన్ లాంటి విడి మేనేజర్‌లోకి మార్చుకుంటే మంచిది. యూసీ బ్రౌజర్ గుర్తుందిగా, హాస్టల్‌లో సినిమాలు డౌన్‌లోడ్ చెయ్యాలంటే అదే దిక్కు. 2020 జూన్‌లో ప్రభుత్వం 59 యాప్‌లని నిషేధించినప్పుడు అదీ ఆ లిస్ట్‌లోనే పోయింది.