చల్లదనం చాటున చెద

మృగశిర కార్తె చినుకులు పడ్డ సాయంత్రం. వీధి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయి. పిల్లలకు అదో సరదా. తెల్లారేసరికి గడప దగ్గర రాలిన రెక్కల్ని చీపురుతో ఊడ్చేస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వీధుల్లో ఏటా కనిపించేదే ఇది. కానీ కిటికీలన్నీ మూసి ఉన్నా సీలింగు కింద గుట్టగా రెక్కలు రాలితే మాత్రం ఊడ్చి ఊరుకోకూడదు. ఉసిళ్లంటే మరేవో కావు, రెక్కలొచ్చిన చెదలే! అవి లోపలి నుంచే వస్తున్నాయంటే ఎక్కడో ఇంటి మీదికి దారి పడిందన్నమాట.

ఆ దారిని చాలాసార్లు మన చేతులతో మనమే వేసిపెడుతున్నాం.

ఈ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిచే రేకుల షెడ్డయినా, బీడీలు చేసే ఆడవాళ్లు కూర్చునే రేకుల ఇల్లయినా మధ్యాహ్నానికి కొలిమే. ‘అన్నా, కింద థర్మోకోల్ కొట్టిస్తే చల్లగుంటది’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. గల్ఫ్ పైసలతో స్లాబ్ ఇల్లు కట్టుకున్నవారు ఫాల్స్ సీలింగ్ పైన ఫోమ్ పలకలు పరిపిస్తారు. దుబాయిలో 2003లోనే కొత్త భవనాలకు వేడిని ఆపే పొర తప్పనిసరి చేశారు. అక్కడి సైట్లలో పనిచేసి వచ్చినవారికి ఈ పలకలు బాగా తెలిసినవే.

సలహాలో తప్పు లేదు. థర్మోకోల్‌లో 98 శాతం దాకా ఉండేది గాలే. వేడిని తేలిగ్గా దాటనివ్వదు. తప్పల్లా దాన్ని ఎక్కడ, ఎలా పెడుతున్నామన్నదే.

తినదు... తొలుస్తుంది!

థర్మోకోల్ చెదకు తిండి కాదు. దానికి కావలసింది కలపలో, కాగితంలో, గుడ్డలో ఉండే సెల్యులోజ్. మరి ఫోమ్ జోలికెందుకు వెళ్తుంది? చెద ఒళ్లు చాలా సున్నితం. పొడిగాలి, వెలుతురు తగిలితే తట్టుకోలేదు. అందుకే నేల నుంచి కలప దాకా మట్టి గొట్టం కట్టుకుని అందులోంచే నడుస్తుంది. వట్టి గోడ మీద ఆ గొట్టం గీతలా కనిపిస్తుంది, వెంటనే జాగ్రత్తపడతాం. అదే గోడకు ఫోమ్ అతికిస్తే? మెత్తటి పలకను తొలుచుకుంటూ చల్లగా, చాటుగా పైకి పోతుంది. తలుపు చట్రం నొక్కితే వేలు లోపలికి దిగేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు. ఎడారి ఎండలో ఏళ్ల తరబడి కష్టపడి చేయించుకున్న టేకు దర్వాజా లోపల మట్టే మిగులుతుంది.

చెదతోనే అయిపోలేదు. చీమలు ఫోమ్‌ను తొలిచి గుడ్లు పెడతాయి. ఎలుకలు కొరికి గూళ్లు చేసుకుంటాయి. ఆ పక్కనే కరెంటు వైర్లుంటే వాటినీ వదలవు. థర్మోకోల్ మండే సరుకన్న సంగతి మరవకూడదు.

పాత గూన పెంకుల ఇళ్లలో ఈ బెడద తక్కువగా ఉండటానికి కారణం ఒకటుంది. దూలాలు, వాసాలు తలెత్తితే కంటికి కనిపించేవి. చెద పట్టినా దాక్కోవడానికి చోటుండేది కాదు.

అక్కడా అదే కథ

మన పిల్లలు ఎంతోమంది స్థిరపడ్డ అమెరికాలోనూ ఈ అనుభవం ఉంది. జార్జియా, ఫ్లోరిడా, అలబామా వంటి దక్షిణాది రాష్ట్రాల్లో పునాది చుట్టూ ఫోమ్ వేసిన ఇళ్లలో చెద గుట్టుగా చేరింది. ఆ తర్వాత అక్కడి గృహనిర్మాణ నియమావళిలో కొత్త షరతు చేరింది. చెద బాగా ఎక్కువగా ఉండే చోట్ల కలపతో కట్టే ఇళ్లకు నేలలోపల ఫోమ్ వాడకూడదు. నేలకూ ఫోమ్‌కూ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ గోడ మీద మట్టి గీత కనిపిస్తే చాలు, దొంగ దొరికినట్టే!

పైనే ఆపితే మేలు

రేకుకో స్లాబుకో పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిస్తే ఎండలో చాలా భాగం వెనక్కిపోతుంది. ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది. చాటు లేదు, చెదకు చోటూ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. దాన్ని విడుదల చేసిన అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ సిరిసిల్ల ఎమ్మెల్యేనే.

ఫోమ్ తప్పదనుకుంటే కొన్ని జాగ్రత్తలు. గోడకు వేసే పలకను నేలకు ఆనించకుండా కింద జానెడు గోడ వదిలేయండి. సీలింగులో మనిషి తల పట్టేంత తలుపు పెట్టించండి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి టార్చిలైటు వేసి చూడండి. కారే పైపును ఆ రోజే బాగుచేయించండి, తడి ఉన్న చోటికే చెద వస్తుంది. వైర్లన్నీ పైపుల్లోంచే పోవాలి. ఇల్లు కొత్తగా కడుతుంటే పునాది దశలోనే చెదమందు చల్లించండి. అందుకు ఐఎస్ 6313 పేరుతో భారతీయ ప్రమాణం ఉంది. మందు పని తెలిసినవారే చేయాలి, బావికీ బోరుకూ దూరంగా చేయాలి.

రేపు మేస్త్రీ వచ్చి సీలింగు కొలతలు తీసుకుంటుంటే ఒక్క మాట అడగండి: ‘దీని వెనక ఏముందో నేనెట్ల చూడాలె?’ జవాబు దొరక్కపోతే ఆ సీలింగు మీకోసం కాదు, చెదల కోసం!