వేడికి లొంగదు.. దెబ్బకు పగులుతుంది! ఫ్యూజన్ రియాక్టర్లకు టంగ్‌స్టన్ చిక్కు.. తెలుగు రాష్ట్రాలకు ఇందులో చోటుందా?

విజయవాడ: ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్ల టార్చ్ చివర సన్నటి సూదిలాంటి కడ్డీ ఉంటుంది. అదే టంగ్‌స్టన్. ఎదురుగా ఇనుము కరుగుతున్నా దానికేం కాదు. లేత్ మిషన్‌పై ఉక్కును చెక్కే కార్బైడ్ టిప్‌లోనూ ఉండేది ఈ లోహమే. ఇప్పుడు ఫ్యూజన్ శాస్త్రవేత్తలు కూడా దీన్నే నమ్ముకున్నారు. కానీ దీనికో పెద్ద బలహీనత ఉంది. దాన్ని సరిచేసే పనిలో మనకు చోటు దొరుకుతుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

అసలు ఫ్యూజన్ అంటే ఏంటి?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన అణు విద్యుత్ కేంద్రం యురేనియం పరమాణువులను చీల్చి కరెంటు తీసేది. ఫ్యూజన్ దీనికి పూర్తిగా భిన్నం. సూర్యుడిలో జరిగినట్టే తేలికైన పరమాణువులను కలిపి శక్తిని రాబడతారు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ రియాక్టర్ లక్ష్యం ఇదే. అందులో ప్లాస్మా వేడి 15 కోట్ల డిగ్రీలకు చేరాలి. ఇది సూర్యుడి మధ్యభాగంలో ఉండే వేడికి పది రెట్లు. భారత్ సహా ఏడుగురు భాగస్వాములు ఈ ప్రాజెక్టును నడుపుతున్నారు.

ప్లాస్మాను అయస్కాంతాలు గాల్లో నిలిపి ఉంచుతాయి. అయినా కొంత వేడి గోడల మీద పడక తప్పదు. ఎక్కువ దెబ్బ తినేది అడుగున ఉండే డైవర్టర్. అక్కడ చదరపు మీటరుకు కోటి వాట్ల వేడి తగులుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు పదివేలు ఒక్క చదరపు మీటరు మీద పెట్టినంత!

టంగ్‌స్టనే ఎందుకు? ఇబ్బంది ఎక్కడ?

లోహాలన్నిటిలోకీ ఎక్కువ వేడికి కరిగేది టంగ్‌స్టన్. దాన్ని కరిగించాలంటే 3,422 డిగ్రీలు కావాలి. అందుకే 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళికలో ఐటర్ లోపలి గోడకు కూడా బెరీలియం బదులు టంగ్‌స్టన్‌నే ఎంచుకున్నారు.

చిక్కల్లా దాని పెళుసుతనమే. కొన్ని వందల డిగ్రీల లోపు అది వంగదు, పగులుతుంది. పోనీ బాగా వేడెక్కిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ఎక్కువసేపు 1,300 డిగ్రీల దాకా ఉంచితే లోపలి రేణువులు పెరిగి మరింత పెళుసవుతుంది. దీనికి తోడు న్యూట్రాన్ల దెబ్బ. రియాక్టర్‌ను ఆపి, మళ్లీ వెలిగించిన ప్రతిసారీ లోహం సాగి, ముడుచుకుంటుంది. పగులు లోపలి నీటి గొట్టం దాకా పాకి నీళ్లు కారితే మొత్తం యంత్రం ఆగిపోతుంది.

మట్టిగోడలో గడ్డి కలిపినట్టే..

డెల్టా పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు వరిగడ్డి కలిపి తొక్కేవాళ్లు. ఎండకు గోడ బీటలిచ్చినా, గడ్డి పట్టి ఉంచడంతో అది కూలిపోదు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ ప్లాస్మా ఫిజిక్స్ సంస్థ, యూలిష్ పరిశోధన కేంద్రం చేస్తున్నది ఇంచుమించు ఇదే. టంగ్‌స్టన్ ముద్దలో వెంట్రుకలంత సన్నటి టంగ్‌స్టన్ తీగలనే పేరుస్తున్నారు. తీగగా సాగదీసిన టంగ్‌స్టన్ పాతకాలపు బల్బు ఫిలమెంట్‌లా వంగుతుంది. తీగ చుట్టూ పలుచని ఆక్సైడ్ పూత వేస్తారు. పగులు వచ్చి ఆ పూతను తాకగానే దారి మళ్లుతుంది. తీగలు రెండు వైపులనూ పట్టి ఉంచుతాయి. పగులు ఆగకపోయినా గోడ ఒక్కసారిగా విరగదు.

అయితే ఏళ్ల తరబడి న్యూట్రాన్లు తగిలితే ఈ తీగలు కూడా పెళుసైపోవా? పరిశోధకుల ముందున్న కష్టమైన ప్రశ్న అదే.

హైదరాబాద్‌లో ఏముంది?

ఐటర్ డైవర్టర్ తయారీ పని యూరప్, జపాన్, రష్యాలకు వెళ్లింది. భారత్‌కు దక్కినవాటిలో పెద్దది యంత్రం మొత్తాన్ని కప్పే 3,850 టన్నుల ఉక్కు క్రయోస్టాట్. అంటే టంగ్‌స్టన్ భాగాలను పెద్ద ఎత్తున తయారుచేసే అనుభవం మనకు ఐటర్ ద్వారా నేరుగా రాలేదు.

అలాగని చేతులు ఖాళీగా లేవు. హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్ టంగ్‌స్టన్‌కు నికెల్, ఇనుము కలిపి గట్టి మిశ్రమ లోహాన్ని తయారుచేసింది. యుద్ధ ట్యాంకు గుళ్లకు వాడే దాన్ని తిరుచ్చి కర్మాగారంలో ఉత్పత్తి చేస్తున్నారు. కానీ నికెల్, ఇనుము 1,500 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతాయి కాబట్టి అదే మిశ్రమం ఫ్యూజన్ గోడకు సరిపోదు. టంగ్‌స్టన్‌ను రాగి మిశ్రమంతో అతికించే పనిలో ఎన్ఎఫ్‌టీడీసీ గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థతో కలిసి పనిచేసింది. లోహపు పొడిని అచ్చులో బిగించి గట్టిపరిచే విద్యలో బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి పేరుంది.

ఏపీలో ఖనిజం.. మరి తర్వాత?

దేశంలోని టంగ్‌స్టన్ ఖనిజ వనరుల్లో ఏపీ వాటా దాదాపు 17 శాతం. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా తపసికొండ ప్రాంతంలో దీని జాడలు ఉన్నాయి. రాష్ట్రంలోని బాలేపాళ్యం టంగ్‌స్టన్ బ్లాక్ వేలంలో 2024 చివర్లో హిందూస్థాన్ జింక్ ముందు నిలిచింది. కొద్ది వారాలకే, 2025 ఫిబ్రవరిలో చైనా టంగ్‌స్టన్ ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. ప్రపంచ ఉత్పత్తిలో 80 శాతం దాకా ఆ దేశానిదే. కార్బైడ్ టిప్‌ల ధర నుంచి రక్షణ అవసరాల దాకా దాని ప్రభావం పడుతుంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఫ్యూజన్ కరెంటు రేపోమాపో ఇంటికి రాదు. ఐటర్‌లో పరిశోధనలు మొదలయ్యేదే 2034లో. అసలు ఇంధనంతో పరీక్షలు 2039లో. అప్పటిదాకా ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు రావాల్సిందే.

కానీ లోహ విద్య ఒక్క రోజులో అబ్బదు. ఖనిజం తవ్వి అమ్మితే వచ్చేది రాయల్టీ మాత్రమే. దాన్ని శుద్ధి చేసి పొడి చేయడం, పొడిని తీగగా సాగదీయడం, తీగను గోడలో కూర్చడం.. అసలు విలువంతా ఈ మెట్లలోనే ఉంది. ఏపీ గనులకు, హైదరాబాద్ ల్యాబ్‌లకు మధ్య ఈ మెట్లు కట్టే పని మొదలవుతుందా లేదా అన్నది రాబోయే కొన్నేళ్లలో తేలాలి. లేదంటే మన ఖనిజమే రేపు పది రెట్ల ధరతో దిగుమతి సరుకై తిరిగొచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.