ప్రీనప్‌లో ఆ లైన్ చెల్లుతుందా?

కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న నా బీటెక్ క్లాస్‌మేట్ ఈమధ్య ఓ పీడీఎఫ్ పంపింది. పెళ్లికి ముందు రాసుకునే ఒప్పందం, అదే ప్రీనప్. కాబోయే భర్త వేరే సంబంధం పెట్టుకుంటే ఆమెకు లక్ష డాలర్లు ఇవ్వాలి. బదులుగా, పెళ్లయ్యాక అతనికి కంపెనీ ఇచ్చే షేర్లలో ఆమె వాటా అడగకూడదు. ‘డీల్ బాగానే ఉంది కదా?’ అంది.

లేదు. ఎందుకో చూద్దాం.

కాలిఫోర్నియాలో 1970 నుంచి విడాకులకు ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. 2002లో అక్కడి అప్పీల్ కోర్టు ముందుకు ఓ కేసు వచ్చింది. భర్త వేరే సంబంధం బయటపడ్డాక కూడా కలిసే ఉందామనుకున్న దంపతులు, ఇంకోసారి జరిగితే 50 వేల డాలర్లు కట్టాలని సంతకాలు చేశారు. మళ్లీ జరిగింది. భార్య కోర్టుకెళ్లింది. తప్పుకు జరిమానా వేయడం ఈ చట్టం ఉద్దేశానికే విరుద్ధమంది కోర్టు. పైసా రాలేదు.

మేరీలాండ్‌లో సీన్ రివర్స్. పెళ్లయ్యాక రాసుకున్న ఇలాంటి ఒప్పందంలోని 70 లక్షల డాలర్ల షరతు చెల్లుతుందని 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఒకే దేశం, దాదాపు ఒకే షరతు. రాష్ట్రం మారితే ఫలితం మారిపోయింది.

మరి మన దగ్గర?

ప్రీనప్‌కు ప్రత్యేక చట్టమే లేదు. ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదనే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 దగ్గరే ఇవి సాధారణంగా ఆగిపోతాయి. గోవా సివిల్ కోడ్ మాత్రం ఆస్తుల గురించి పెళ్లికి ముందే ఒప్పందం రాసుకోనిస్తుంది. వివాహేతర సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినా, హిందూ వివాహ చట్టంలో అది ఇప్పటికీ విడాకులకు కారణమే. అంతేగానీ, స్టాంపు పేపర్ మీద రాసుకున్న ‘మోసం చేస్తే ఇంత’ అనే లెక్క కోర్టులో నిలుస్తుందని నమ్మకం పెట్టుకోలేం.

అసలు చిక్కు ఇక్కడే

షేర్ల వాటా వదులుకునే షరతు మాత్రం, పద్ధతిగా రాస్తే, కాలిఫోర్నియాలో చెల్లుతుంది. అంటే నా ఫ్రెండ్ చెల్లే హక్కు ఇచ్చేసి, చెల్లని హామీ తీసుకుంటోంది. భయం వల్ల ఆ లైన్ పెద్దగా కనిపిస్తుంది. దాని పక్కనున్న ఆస్తుల క్లాజు ఎవరూ సరిగా చదవరు.

మీకూ ఇలాంటి పేపర్ వస్తే మూడు చూసుకోండి. మీ తరఫున విడిగా లాయర్ ఉన్నారా? ఎదుటివాళ్లు ఆస్తులు, ఎడ్యుకేషన్ లోన్లతో సహా అప్పులు మొత్తం చూపించారా? చదివే టైమ్ ఇచ్చారా? ఫైనల్ కాపీ అందాక సంతకానికి కనీసం 7 రోజుల గడువు ఉండాలని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది.

నా ఫ్రెండ్ ఇంకా సంతకం పెట్టలేదు. ఇప్పుడు లక్ష డాలర్ల గురించి కాదు, షేర్ల గురించి మాట్లాడుతోంది.